మనుష్యుని కొలతకు పనిముట్టు

ఈ మాసము ఒక గ్రంథమును గూర్చి వ్రాయదలచినాము. అది సేద్యమును గూర్చినది కాదు. అందు విత్తనముల ప్రసక్తి గాని, ఎరువుల ప్రసక్తి గాని లేదు. అమెరికా దేశమున పర్‌డ్యూ విశ్వవిద్యాలయములో మనస్తత్వశాస్త్రాచార్యుడుగా నుండిన ఎర్నెస్ట్ మెకార్మిక్ 1957లో ‘హ్యూమన్ ఇంజనీరింగ్’ అను పేర దానిని ప్రకటించెను. తరువాతి కూర్పులలో పేరు మారి ‘హ్యూమన్ ఫాక్టర్స్ ఇన్ ఇంజనీరింగ్ అండ్ డిజైన్’ అయినది. మార్క్ శాండర్స్ అను మరియొక విద్వాంసుడు ఆయనతో చేరి దానిని పెంచెను. ఏడవ కూర్పు 1993లో వెలువడినది. యంత్రశాస్త్రము నభ్యసించు విద్యార్థులు రెండు మూడు తరములుగా దీనిని పాఠ్యగ్రంథముగా చదివిరి.

రైతుల పత్రికలో దీని ముచ్చట ఏల యని చదువరులు అడుగవచ్చును. మన సంఘము రాబోవు వానకాలపు పంటకు ముందుగా, సభ్యులకు అద్దె కిచ్చుటకై, కలుపు తీయు పరికరములను మందు చల్లు పంపులను కొనదలచినది. అట్టి సందర్భమున పాలకవర్గము ముందునకు ధరల పట్టికలు వచ్చును. ఏది చౌక, ఏది ఎన్నాళ్లు మన్నును అను ప్రశ్నలు వచ్చును. దానిని పట్టుకొని ప్రొద్దస్తమానము పనిచేయు మనిషి నడుము, భుజము, మణికట్టు ఏమగును అను ప్రశ్న మాత్రము మేము ఎరిగినంతలో ఎన్నడును రాలేదు. ఆ ప్రశ్న నెట్లడుగవలెనో నేర్పునది ఈ గ్రంథము.

గ్రంథము పెద్దది. వెలుతురు, చప్పుడు, ఎండవేడిమి, బరువులెత్తుట, కూర్చుండు పీట, చేతి పనిముట్లు, గడియారపు ముఖము మొదలు విమానపు మీటల వరకు అన్నియు అందు కలవు. కాని వాని నన్నిటిని కట్టిన దారమొక్కటే. ఒక వస్తువును చేయుటకు ముందు, దానిని వాడు మనుష్యుని దేహమెంత, బలమెంత, కన్నెంత దూరము చూచును, అలసట ఎప్పుడు కలుగును, ఏ చోట పొరబడును అని కనుగొని, ఆ వస్తువును అతనికి తగినట్లు మలచవలెను. దీనికి పాశ్చాత్యులు పెట్టిన పేరు ఎర్గోనామిక్స్. గ్రీకు భాషలో ఎర్గాన్ అనగా పని, నోమోస్ అనగా నియమము. పోలండు దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు యస్త్రెంబోవ్‌స్కీ 1857లో ఈ మాటను వాడెను. అది మరుగుపడి, 1949లో ఇంగ్లండున మరల పుట్టినది. మనము దీనిని శ్రమశాస్త్ర మనుకొందము.

పేరు క్రొత్తది గాని సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. గ్రామ వడ్రంగి నాగలి చేయునపుడు మూరలతో, జానలతో, బెత్తెలతో కొలిచెడివాడు. ఆ కొలతలన్నియు మనిషి మేనిలోనివే. దున్నువాడు పొడవరి యైనచో మేడి ఎత్తు పెంచెడివాడు, పొట్టివాడైనచో తగ్గించెడివాడు. సరిపడనిచో మరునాడే తెచ్చి చెక్కించుకొనెడివారు. కార్ఖానా వచ్చిన పిమ్మట ఒక్క కొలతలో వేయి వస్తువులు వచ్చినవి. ధర తగ్గినది, నాణెము పెరిగినది, అందు సందేహము లేదు. చెక్కించుకొను సదుపాయము మాత్రము పోయినది.

సరకుతో నగరమునకు వచ్చు సభ్యులు పాతబస్తీలో ఒక గంట తీరిక చేసికొని చూచినచో ఈ శాస్త్రమునకు వలసిన ఉదాహరణములు అచ్చటనే దొరకును. చార్మినారు చుట్టుపట్టుల సందులలో వెండి వరఖు కొట్టు పనివారు కలరు. పొరల పుస్తకమువంటి దానిలో వెండి తునకలు పెట్టి, రాతిపై నుంచి, నేలమీద కూర్చుండి గంటల తరబడి సుత్తితో కొట్టుదురు. మనము మిఠాయిపై చూచు పలుచని రేకు వెనుక ఆ భుజపు దెబ్బలు ఎన్ని యున్నవో ఎవరును లెక్కపెట్టరు. లాడ్ బజారున లక్క గాజులు చేయువారు నిప్పుల కుంపటి ముందు వంగి కూర్చుందురు. మీర్ ఆలం మండీలో హమాలీలు మూటలు మోయుట సభ్యు లెరిగినదే. ఒక మగమనిషి మోయదగిన బరువు 55 కిలోలకు మించినచో దానిని త్వరలో ఆ మేరకు తగ్గింపవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసినది. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుండి 45 కిలోలకు తగ్గినది. అది మోయువాని వీపు చూచి తగ్గించినది కాదు, ఎరువు వాడకము తగ్గునని తగ్గించినది. ఏదైననేమి, వీపునకు 5 కిలోలు తగ్గినవి.

ఇక ఈ శాస్త్రము బలపడిన కథ. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా వారి బి-17 అను బాంబు విమానములు క్షేమముగా దిగి, నేలపై పరుగిడుచుండగా, పైలట్లు ఉన్నట్లుండి చక్రములను లోనికి ముడిచెడివారు. విమానము బోర్ల పడెడిది. పైలటు అజాగ్రత్త యని అధికారులు వ్రాసికొనుచు వచ్చిరి. ఆల్ఫాన్స్ చపానిస్ అను యువశాస్త్రజ్ఞుడు విమానములోనికి పోయి చూచెను. చక్రముల మీటయు, రెక్కల చివరి పలకల మీటయు ప్రక్కప్రక్కనే యుండి, చేతికి ఒక్కతీరుననే తగులుచుండెను. దిగిన వెంటనే పలకలను ముడువబోయి, అలసిన చేయి రెండవ మీటను పట్టుచున్నది. చపానిస్ ఒక మీటకు చిన్న రబ్బరు చక్రమును, రెండవదానికి కోణాకారపు బిళ్లను అమర్పించెను. చూడకయే చేతికి తెలియుచుండెను గనుక ఆ పొరపాటు నిలిచిపోయినది. పైలట్లకు క్రొత్త శిక్షణ ఇయ్యలేదు, మందలింపులు పంపలేదు.

ఈ కథ విన్నప్పుడెల్ల మాకు నూర్పిడి యంత్రము జ్ఞప్తికి వచ్చును. నూర్పిడి యంత్రములు ఊరూర వ్యాపించిన తొలి కాలమున ఉత్తర హిందూస్థానమున ఎందరో కూలీలు వానిలో చేతులు పోగొట్టుకొనిరి. అచ్చటను మొదట వినవచ్చిన మాట అజాగ్రత్త యనియే. రాత్రి వేళ, నిద్రమత్తులో, దుమ్ములో, ఒక గంటకై అద్దెకు తెచ్చిన యంత్రమును ఆపకుండ మేపుచుండు మనిషి చేయి జారదని ఎవరు చెప్పగలరు? తుదకు పార్లమెంటు 1983లో అపాయకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది. గాయపడినవారికి, మరణించినవారి కుటుంబములకు నష్టపరిహారము ఇయ్యవలెనని అందు విధించినది. అంతకంటె మేలు చేసినది మేత తొట్టి కొలత. పంటను లోనికి త్రోయు తొట్టి 90 సెంటీమీటర్లకు తక్కువ కారాదు, అందు యంత్రము వైపునున్న 45 సెంటీమీటర్లు పైన కప్పియుండవలెను అని భారత ప్రమాణములు నిర్ణయించినవి. మనిషి చేయి ఎంత పొడవో చూచి పెట్టిన కొలత ఇది. చేయి జారినను పండ్ల డ్రమ్మును అందుకొనలేదు. సభ్యులు నూర్పిడి యంత్రమును అద్దెకు తెచ్చునపుడు ఒక టేపు తీసికొనిపోయి ఈ రెండు కొలతలను చూచుకొనుట మంచిది. కప్పు అడ్డమని తీసివేసిన యంత్రములు నేటికిని కలవు. అట్టిదానిని ఊరిలోనికి రానీయరాదు.

కొలతల మాట వచ్చినది గనుక, కొలత ఎవరిది అను ప్రశ్న వచ్చును. సగటు మనిషి కొలత తీసికొనినచో అందరికిని సరిపోవునని మన కందరకు తోచును. 1950 ప్రాంతమున గిల్బర్ట్ డానియల్స్ అను అతడు అమెరికా వైమానిక దళమున 4,063 మంది పైలట్ల కొలతలను పరిశీలించెను. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు మొదలగు పది కొలతలలోను సగటునకు దగ్గరగా నున్నవారెందరని చూడగా ఒక్కడును లేడు. సగటు పైలటు కొరకు చేసిన ఆసనము ఏ పైలటుకును చేసినది కాలేదు. మెకార్మిక్, శాండర్సుల గ్రంథము ఇందుకు చెప్పు ఉపాయము సులభమైనది. దూరి పోవలసిన ద్వారమైనచో అందరిలో పెద్దవానిని చూచి చేయవలెను. అందుకొనవలసిన మీటయైనచో అందరిలో చిన్నవానిని చూచి పెట్టవలెను. పలువురు పట్టుకొని పనిచేయు వస్తువైనచో హెచ్చుతగ్గులు చేసికొనుటకు వీలుండవలెను. ఈ మూడును కుదరని చోటనే సగటును ఆశ్రయింపవలెను.

మన దేశపు రైతుకూలీల కొలతలు ఇదివరకే తీసియున్నవి. భోపాలులోని కేంద్ర వ్యవసాయ యంత్రశాస్త్ర సంస్థ ఆధ్వర్యమున పలు రాష్ట్రములలో స్త్రీ పురుష శ్రామికులను కొలిచి, 79 దేహపు కొలతలను, 16 విధముల బలపు కొలతలను 2009లో గ్రంథముగా ప్రకటించిరి. అందు పురుషుని సగటు ఎత్తు సుమారు 163 సెంటీమీటర్లు, స్త్రీది సుమారు 151. పండ్రెండు సెంటీమీటర్ల తేడా చిన్నదిగా కనబడును. కాని పురుషుని మోచేతికి వచ్చు పిడి స్త్రీకి దాదాపు ఛాతీ వరకు వచ్చును. అటుపై త్రోయుటకు నడుము బలము పనికిరాదు, భుజములే మోయవలెను. ఒక గ్రామమున చక్రపు కలుపు పరికరమును మేము చూపుచుండగా, దానిని పట్టి చూచిన ఒక పెద్దమ్మ ఇట్లనెను: “సారూ, దీని పిడి నా రొమ్ము కాడికొచ్చె. దీన్ని నేను తోయాల్నా, మొయ్యాల్నా?” ఆమె అడిగినదానిని గ్రంథము నూరు పుటలలో అడిగినది.

మన ప్రాంతమున కలుపు తీయువారు చాల మట్టునకు స్త్రీలే. నాటు వేయువారును వారే. పరికరముల తయారీదారులు మాత్రము, ఎవరు డబ్బు చెల్లించుదురో వారిని చూచి, పురుషుని చేతికి ఇచ్చి సరిచూతురు. ఫలితమేమి? పరికరము కొట్టములో తుప్పు పట్టును, స్త్రీలు మరల కుర్పీ పట్టి ముడుచుకొని కూర్చుందురు. ‘మన ఆడవారికి క్రొత్తది పట్టదు’ అని యజమాని చెప్పును. ఈ మాటను మేము ఒప్పుకొనము. కొలత కుదిరిన పరికరమును వారు విడిచిపెట్టగా మేము చూడలేదు.

పొట్టి పిడిని గూర్చి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగిన వ్యవహారము తెలిసికొనదగినది. అచ్చట లెట్యూస్ అను ఆకుకూరను, పంచదార దుంపలను పలుచన చేయుటకు కూలీలచేత సుమారు అడుగు పిడిగల గుద్దలిని పట్టించెడివారు. దినమంతయు రెండుగా వంగి నడువవలెను. పొడుగు పిడి ఇచ్చినచో మొక్కలు చెడునని భూస్వాములు వాదించిరి. వంగి యున్నవాడు పనిచేయుచున్నాడో లేదో దూరము నుండి మేస్త్రీకి తెలియుననుట మరియొక కారణమని కూలీలు చెప్పుకొనిరి. నడుములు శాశ్వతముగా చెడినవని వైద్యులు సాక్ష్యమిచ్చిరి. 1975 జనవరిలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము కూలీల పక్షమున తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే పొట్టి గుద్దలి నిషేధింపబడినది. లెట్యూస్ సేద్యము నాశనము కాలేదు. పిడి పొడుగైనది, అంతే.

పిడి పొడవుతోనే పని తీరదు. దాని లావును చూడవలెను. పట్టుకొనినపుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల కొనలను తాకవలెను. తాకనిచో అది ఆ చేతికి లావు. మరీ సన్ననైనచో అరచేతిని కోయును. మూడు మొదలు నాలుగు సెంటీమీటర్ల మధ్య నుండుట సామాన్యముగా మేలు. మణికట్టు వంగిన చేయి బలమును కోల్పోవును, నరములు ఒరసికొని నొప్పి పుట్టును; అందుచేత వంపు వలసినచో దానిని పనిముట్టుకే ఇయ్యవలెను. మన కొడవలి చేసినవాడు ఈ సంగతి ఎరిగినవాడే. పార విషయమున టేలరు అను అమెరికా యంత్రశాస్త్రజ్ఞుడు ఉక్కు కార్ఖానాలో చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది. అతడు 1911లో అచ్చువేసిన పుస్తకములో చెప్పినదేమనగా, కూలీలు ఒక్క పారతోనే సన్న బొగ్గును ఎత్తినచో పారకు మూడున్నర పౌనులు, ఇనుప ఖనిజమును ఎత్తినచో 38 పౌనులు వచ్చుచుండెను. పారకు 21 పౌనులు, అనగా సుమారు తొమ్మిదిన్నర కిలోలు, వచ్చునపుడు దినమున అత్యధికముగా పని జరిగినది. అంత పిమ్మట తేలిక సరకునకు పెద్ద పారలు, బరువు సరకునకు చిన్న పారలు చేయించి, వాని నన్నిటిని కార్ఖానాయే ఒక గదిలో ఉంచి ఇచ్చుట ప్రారంభించినది. టేలరు యజమాని పక్షపు మనిషి. పని పెంచుటయే అతని కోరిక. ఐనను ఆ పారల గది మాత్రము మన సహకార సంఘము అనుకరింపదగినది. ఒక్కొక్క రైతు నాలుగు తీరుల పారలను కొనలేడు, సంఘము కొనగలదు.

మందు చల్లు పంపును గూర్చి. సామాన్యముగా వీపున మోయు పంపు 16 లీటర్లది. నీరే 16 కిలోలు, పంపు బరువు వేరు. ఎకరమునకు 200 లీటర్లు చల్లవలెనన్నచో పదుమూడు పర్యాయములు నింపి మోయవలెను. పట్టీలు సన్నవైనచో భుజములను కోయును. వెడల్పైన, మెత్తనైన పట్టీలు, నడుమునకు ఒక పట్టీ ఉన్న పంపులో బరువు తుంటిపైకి దిగును. బ్యాటరీ పంపు చేతికి విశ్రాంతి నిచ్చును గాని వీపుపై బరువు పెంచును. ఇట్టివాటిని తక్కెడలో వేసి చూడకుండ, బొమ్మ చూచి కొనరాదు.

మందు సీసాపై గుర్తును గూర్చియు ఒక మాట. మన దేశమున పురుగుమందు డబ్బాలపై చతురస్రమును మూలపై నిలిపి, దాని క్రింది సగమున రంగు వేయుదురు. ఎరుపు మిక్కిలి తీవ్రమైన విషము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యరకము, పచ్చ స్వల్పము. చదువురాని వారికిని తెలియుటకై పెట్టిన గుర్తు గనుక మెచ్చదగినదే. కాని ఎరుపునకు భయపడువాడు పసుపును చూచి భయపడునా? మన ఇండ్లలో పసుపు శుభసూచకము గదా. గుర్తును చదువువాని మనసులో ముందునుండి ఏమున్నదో చూచి రంగు ఎన్నుకొనవలెనని గ్రంథకర్తలు ఒక ప్రకరణమంతయు వ్రాసిరి. అది మారునంతవరకు, పసుపు గుర్తు కూడ ప్రాణాపాయకరమని ఇంట అందరికిని చెప్పియుంచవలెను.

ఇట్టి పనులు చదువుకొన్న ఇంజనీర్లే చేయవలెనని లేదు. ఆలేరు దగ్గర శారాజిపేట గ్రామపు చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము కథ చదువరులలో కొందరికి తెలిసియుండును. పోచంపల్లి తీరు చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు దారమును చేతితో త్రిప్పుచు, ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేతిని అటునిటు ఆడింపవలెను. ఆ పని ఇంటి స్త్రీలది. తల్లి లక్ష్మమ్మ భుజము నొప్పి చూడలేక మల్లేశము ఏండ్ల తరబడి ప్రయత్నించి, హైదరాబాదులో కూలికి పనిచేయుచు, 1999లో యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరు పెట్టెను. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు వచ్చినది. 2017లో ప్రభుత్వము అతనిని పద్మశ్రీతో గౌరవించెను. మెకార్మిక్ గ్రంథమును అతడు చదివి చేసినది కాదు. నొప్పి ఎవరిదో, ఎచ్చటిదో అతడు ప్రతిదినము చూచినవాడు.

మెట్ట సేద్యపు పనిముట్లను చూడగోరు సభ్యులకు దూరము పోనక్కరలేదు. పాతబస్తీని ఆనుకొనియున్న సంతోష్ నగరులో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ కలదు; 1985లో నెలకొల్పబడినది. గొర్రులు, విత్తు యంత్రములు, కలుపు పరికరములు మొదలగువానిపై అచ్చట పని జరుగుచున్నది. మండీకి సరకు తెచ్చిన దినమున, ముందుగా అనుమతి పొంది, నలుగురైదుగురు కలిసి పోయి చూచుట మేలు.

సంఘము చేయవలసినదానిని గూర్చి మేము పాలకవర్గమునకు వ్రాసియున్నాము. సభ్యుల తెలివిడికై దాని సారాంశ మిచ్చట తెలుపుచున్నాము. చక్రపు కలుపు పరికరమునకు పిడి గొట్టము ఒకదానిలో ఒకటి జారునట్లు చేయించి, రంధ్రములలో మేకు పెట్టి ఎత్తు మార్చుకొను వీలుండవలెను. దీనివలన పెరుగు ఖర్చు స్వల్పము. అట్లు దొరకనిచో ఒకే కొలతవి పండ్రెండు కొనుటకు మారుగా, మూడు కొలతలలో నాలుగేసి కొనవలెను. పంపులను నీటితో నింపి తూచి, పట్టీ వెడల్పును కొలిచి, ఆ అంకెలను ధర ప్రక్కనే పట్టికలో వ్రాయవలెను. కొనుటకు ముందు ప్రతి నమూనాను రెండు పూటలు పొలమున పనిచేయించి, మరునాటి ఉదయమున పనిచేసినవారిని ఎచ్చట నొప్పి యున్నదని అడిగి వ్రాసికొనవలెను. ఆ సాయంకాలమే అడిగినచో అలసట యనియే చెప్పుదురు గాని నొప్పి చోటు తేలదు. చౌక నమూనాకు మ్రొగ్గు చూపు సభ్యు లొకరు, అలవాటైనచో అన్నియు సరిపోవునని మాతో ననిరి. వరఖు కొట్టువారికిని అలవాటే. భుజములు మాత్రము అలవాటు పడలేదు.

పిడి ఎత్తు కుదుర్చుటకై, నిటారుగా నిలిచి మోచేతిని వంచినపుడు నేల నుండి మోచేతి వరకు గల ఎత్తును కొలువవలెను. త్రోయు పరికరపు పిడి నడుమునకు మోచేతికి మధ్య వచ్చుట మంచిది. వచ్చు మాసపు సర్వసభ్య సమావేశమునాడు సంఘ కార్యాలయపు ఆవరణలో ఈ కొలతలు తీయుటకు ఏర్పాటు చేయుచున్నాము. సభ్యులు తాము మాత్రమే వచ్చినచో ప్రయోజనము సగమే. ఇంటి స్త్రీలను, తమ పొలమున కలుపు తీయు కూలీ స్త్రీలను కూడ తోడ్కొని రావలెను; ఆ దినపు కూలి వారికి పోకుండ చూచుకొనవలెను. టేపును తక్కెడను మేము తెచ్చెదము.